రెండు వేళ్ళ స్ప్రింగు

అరబ్బు దేశపు ఎడారిలో, తబూక్ ఊరు దాటి, గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చిమ్మే యంత్రాల కింద పచ్చగా పడుకున్న గోధుమ పొలాలు దాటి, ఇంకో పదిహేను కిలోమీటర్లు పోతే ఇసుకరాళ్ళ మధ్య ఒక షూటింగ్ క్లబ్బు ఉంటుంది. తీరికున్న మగవాళ్ళు వారానికోసారి వచ్చి, కాగితపు మనుషుల్ని చంపి, యాలకుల కాఫీ తాగి, చంపిన కాగితాలతో ఫోటోలు దిగి వెళ్తారు. పేల్చిన గుళ్ళలో సగం కాగితాలకు తగలవు, వెనక ఉన్న కొండకు తగులుతాయి. కొండ ఏమీ అనదు. అనే పని సదానందం చేస్తాడు.

క్లబ్బు వెనకాల రేకుల షెడ్డులో పద్నాలుగేళ్ళుగా అతను తుపాకులు బాగుచేస్తున్నాడు. కోరుట్ల మనిషి. అంతకుముందు ఇరవై రెండేళ్ళు సైన్యంలో ఆర్మరర్, అంటే ఆయుధాల మేస్త్రీ. ఇప్పుడు యాభై ఏడు. లోకంలో రెండే రకాల మనుషులున్నారని అతని లెక్క. తుపాకిని తుడిచి తిరిగిచ్చేవాళ్ళు, తుడవకుండా ఇచ్చేవాళ్ళు. మొదటి రకం మనిషి తబూక్‌లో ఇంతవరకూ తనకు తగల్లేదని చెప్తాడు.

అతని బల్ల టేకు చెక్కది. ఎవరో వెళ్ళిపోతూ వదిలేసిన తలుపును కోసి తనే చేసుకున్నాడు. నూనె పీల్చీ పీల్చీ ఆ చెక్క వానాకాలపు గేదె వీపులా నల్లగా మెరుస్తుంది. ఆ బల్ల మీద వేరేవాళ్ళు చెయ్యి ఆనించి మాట్లాడితే ఊరుకోడు. "చెయ్యి తియ్యి, ఇదేం చాయ్ దుకాణమా?" అంటాడు. షేక్‌ల కొడుకులకు తెలుగు రాదు కాబట్టి వాళ్ళ పరువుకు ప్రమాదం లేదు. అతని ఉద్యోగానికీ లేదు.

సైన్యంలో పట్టిన అలవాటొకటి అతనికి ఉంది. ఏ ఆయుధం బల్ల మీదికొచ్చినా, దాని రోగమేమిటని అడగకముందే స్ప్రింగులు మార్చేస్తాడు. అక్కడ వందల రైఫిళ్ళు వరసగా వచ్చేవి. ఒక్కోదాన్నీ పరామర్శించే తీరిక ఎవరికీ ఉండేది కాదు. పాతవి తీసి కొత్తవి వెయ్యడం, ఆ తర్వాతే లోపలికి చూడడం. పని కార్డులో ఆ సంగతి రాయడు కూడా. "అన్నం తినేముందు చేతులు కడుక్కున్న అని ఎవడన్న రాసుకుంటడా?" అని అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు పద్నాలుగేళ్ళలో ఎవరూ జవాబు చెప్పలేదు. ఎవరూ వినలేదు గనక.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం, ఎడారి నోట్లోంచి పొగమంచు వస్తుండగా, క్లబ్బు యజమాని షేక్ మిషాల్ పంపిన పిస్టల్ ఒకటి వచ్చింది. బెల్జియంలో చేసింది, వందేళ్ళకు దగ్గరపడింది. అతని తాతది. అరచేతిలో ఇమిడే సన్నటి వస్తువు. నీలం రంగు అంచుల దగ్గర అరిగి, లోపలి తెల్లటి ఉక్కు తెల్లవారుజాములా బయటపడుతోంది. తాత దానితో ఎవరినీ కాల్చలేదు. పెళ్ళిళ్ళలో ఆకాశాన్ని కాల్చాడు. ఆకాశం బతికే ఉంది, తాత లేడు. గురువారం సాయంత్రం వంశం వాళ్ళంతా క్లబ్బులో కలుస్తున్నారు. వాళ్ళ ముందు షేక్ తాత పేరున మ్యాగజైన్ నిండా, అంటే ఏడు తూటాలు, ఆగకుండా పేల్చాలి. అదీ కోరిక.

సదానందం పిస్టల్ విప్పాడు. బ్యారెల్ చుట్టూ పాముపిల్లలా చుట్టుకుని ఉన్న పాత స్ప్రింగు తీశాడు. సన్నగా, అలిసిపోయినట్టు ఉంది. దాన్ని ఒక హార్లిక్స్ సీసాలో పడేశాడు. తన డబ్బాలోంచి అదే చుట్టుకొలత ఉన్న కొత్త తీగ స్ప్రింగు తీసి, కొలిచి, కత్తిరించి, వేశాడు. పిస్టల్ పైన జారే ఉక్కు తొడుగును, అంటే స్లైడును, వెనక్కి లాగి వదిలాడు. ఠప్పున మూసుకుంది. పడుచువాడి సెల్యూట్‌లా ఉందనుకుని సంతోషించాడు. కార్డులో 'శుభ్రం చేయడమైనది' అని రాశాడు.

తూటాల సంగతి వేరు. ఆ సైజువి క్లబ్బు కొనే చోట దొరకలేదు. షేక్ ఇంట్లో ఖాళీ గొట్టాలు మాత్రం ఒక డబ్బాడు ఉన్నాయి. వాటిని శుభ్రం చేసి, మళ్ళీ మందు పోసి, గుండు అమర్చి, చేత్తో తూటాలు తయారు చెయ్యాలి. అందుకు క్లబ్బు దగ్గర లైసెన్సు ఉంది, యంత్రం ఉంది, ఇప్పుడు క్రిస్ కూడా ఉన్నాడు.

క్రిస్ రాజమండ్రి కుర్రాడు, మెకానికల్ ఇంజనీరు, ఇరవై ఎనిమిదేళ్ళు. వచ్చి రెండు నెలలైంది. మందును ఎలక్ట్రానిక్ తూకం మీద తూస్తాడు, తూచేటప్పుడు ఊపిరి బిగబడతాడు. ప్రతి తూటా కొలతా ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తాడు. తుపాకి శబ్దానికి మాత్రం ఇంకా కళ్ళు మూసుకుంటాడు.

ఆ ఇద్దరినీ మేనేజరు అమర్నాథ్ తన గదిలోకి పిలిచాడు. విజయవాడ మనిషి, మెడలో తాడుకి గుర్తింపు కార్డు. ఇంట్లో కూడా తియ్యడేమోనన్నంత శ్రద్ధగా వేలాడుతూ ఉంటుంది. తుపాకి ఏ వైపు నుంచి పేలుతుందో అమర్నాథ్‌కు తెలుసు. అంతకుమించి తెలుసుకోవాల్సిన అవసరం అతనికి పడలేదు.

"సదానందం గారూ, ఓపెన్‌గా చెప్తాను. జనవరి నుంచి వర్క్‌షాప్ ఒక్కరికే ఇద్దామనుకుంటున్నాం. మీకా ఏజ్ వచ్చింది. ఫ్రంట్ కౌంటర్‌లో అయితే ఏసీ, కుర్చీ, టెన్షన్ లేదు."

"కౌంటర్‌ల ఏం జేస్త?"

"గెస్టులకి చెవి మఫ్లు, టార్గెట్లు ఇవ్వడం. నవ్వుతూ అహ్లన్ వ సహ్లన్ అని వెల్కమ్ చెప్పడం. రెడ్ టీషర్ట్ ఉంటుంది."

సదానందం ఆ ఎర్ర టీషర్టును ఒక్క క్షణం ఊహించుకున్నాడు. ఛాతీ మీద తుపాకి పట్టుకున్న డేగ బొమ్మ ఉంటుంది. డేగకు చేతులు ఎక్కడివని మొదటి రోజే అడిగాడు.

"ఈ పిస్టల్ చూద్దాం," అన్నాడు అమర్నాథ్. "గురువారం లోపు ఏడుకి ఏడు పేలాలి. ప్రాబ్లం తూటాదైతే క్రిస్‌ది తప్పు, బెంచ్ మీదే. ప్రాబ్లం పిస్టల్‌దైతే సారీ, బెంచ్ క్రిస్‌ది. ఫెయిర్ కదా?"

"మస్తు ఫెయిరు," అన్నాడు సదానందం. "పెండ్లిపిల్లకు ముక్కు సక్కగ లేకుంటే తల్లి తప్పు, చెవి సక్కగ లేకుంటే తండ్రి తప్పు."

సోమవారం మొదటిసారి పేల్చారు. మొదటి తూటా పేలింది. ఖాళీ గొట్టం బయటికి ఎగిరిపోవాలి కదా, పోలేదు. స్లైడు మధ్యలో ఇరుక్కుని, పొయ్యి గొట్టంలా నిలబడింది. సదానందం దాన్ని వేలితో తీసేసి మళ్ళీ కాల్చాడు. మళ్ళీ అదే. ఏడింటిలో ఐదు అలాగే నిలబడ్డాయి. గాలిలో మందు వాసన పలచగా, వండనింట్లో వాసనలా ఉంది.

"ఏం పోసినవ్ బాబూ ఇండ్ల? మందా, ఇబూతా?"

"కావాలనే తక్కువ పోశానండీ. వందేళ్ళ పిస్టల్ కదా అంకుల్. ఫ్రేమ్ పగిలితే?"

"జాలి పడ్డవ్ అన్నట్టు."

"మరి పెద్దది కదండీ."

"పెద్దమనిషి నోట్లె పాలచుక్క పోసి, లేచి ఉరుకుమంటున్నవ్. మందు పేలినప్పుడు వెనక్కి తన్నే ఊపు తోనే కదా స్లైడు వెనక్కి పోయేది? ఆ ఊపే లేకుంటే ఖాళీది ఎట్ల బయటవడ్తది, కొత్తది ఎట్ల ఎక్కుతది? గిది గూడ చెప్పాల్నా ఇంజనీరు సారుకు?"

క్రిస్ చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళి పుస్తకం చూసి, మెట్టు మెట్టుగా మందు పెంచాడు. మధ్యాహ్నానికి ఏడింటిలో నాలుగు సరిగ్గా పడ్డాయి. మంగళవారం ఉదయం, పుస్తకంలో రాసిన ఆఖరి గీత దాకా పోసినప్పుడు, ఐదు పడ్డాయి. ఆరోది నిలబడింది. ఏడోది అసలు పైకి ఎక్కలేదు.

క్రిస్ ఫోన్‌లో నెమ్మదిగా కదిలే వీడియో తీశాడు. తెర మీద స్లైడు కలలో నడిచేవాడిలా వెనక్కి వస్తోంది, గమ్యానికి గోరంత దూరం ముందే మనసు మార్చుకుని తిరిగిపోతోంది.

"చూడండి అంకుల్, పూర్తిగా వెనక్కి రావట్లేదు. ఒకసారి నేను లోపల చూడనా? ఏమన్నా పట్టేస్తుందేమో."

"నా బల్ల మీది ఆయుధం నువ్వు ఇప్పుతవా? లోపల అద్దంలెక్క ఉన్నది. నీ మందు చాలుతలేదు."

"పుస్తకంలో ఉన్నదంతా పోశానండీ. ఇంక పొయ్యను."

"పుస్తకం రాసినోడు తబూక్ చలిల కూసోని రాసిండా?"

అమర్నాథ్ మెడకార్డు ఊపుకుంటూ వచ్చాడు. రెండు వైపులా విని, తనకు అర్థమైన ఒక్క ముక్కనే పట్టుకున్నాడు. "మందు పెంచితే వర్క్ అవుతోందిగా, ఇంకొంచెం పెంచు క్రిస్. పుస్తకాలు ఎప్పుడూ సేఫ్ సైడే రాస్తారు. రేపు పొద్దున్నకి ఫైనల్ చేద్దాం."

"సార్, ప్రెషర్ ఎక్కువైతే…"

"బి ప్రాక్టికల్."

క్రిస్ సదానందం వైపు చూశాడు. పెద్దాయన ఒక్క మాట అంటాడని. సదానందం గోడ వైపు తిరిగి, గుడ్డతో శుభ్రంగా ఉన్న ఉలినే మళ్ళీ తుడిచాడు. కుర్రాడి మందు తప్పని తేలితే బల్ల తనది. ఆ మాట లోపల తియ్యగా ఉంది. తియ్యగా ఉన్నందుకు తన మీద తనకే కొంచెం రోత కూడా పుట్టింది. కానీ ఉలి తుడుస్తూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం షేక్ మిషాల్ వచ్చాడు. యాభై ఏళ్ళ భారీ మనిషి, మెత్తని గొంతు. పిస్టల్ చేతిలోకి తీసుకుని, ఖాళీయేనని చూసుకుని, స్లైడు లాగబోయాడు. కదల్లేదు. అరచెయ్యంతా వేసి, పళ్ళు బిగించి లాగాడు. వచ్చింది. నవ్వాడు. అరబ్బీలో, అందరికీ అర్థమయ్యేలా మెల్లగా అన్నాడు:

"మా తాత దీన్ని రెండు వేళ్ళతో లాగేవాడు. చివరి రోజుల్లో కూడా. కాఫీ గిన్నె పట్టుకుంటే వణికే చెయ్యి. దీన్ని మాత్రం ఇలా," బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాడు, "ఖర్జూరం గింజ తీసినట్టు లాగేవాడు. నాకు తాత బలం రాలేదు."

అమర్నాథ్ ఆ మాట గొప్ప కవిత్వమైనట్టు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మాషా అల్లాహ్, ఎంత బలం!" అన్నాడు. షేక్ వెళ్ళిపోయాడు.

సదానందం పిస్టల్ తీసుకుని రెండు వేళ్ళతో లాగి చూశాడు, రాలేదు. వణికే చేతికి బలం ఎక్కడిది? బలం తాతది కాదు, మెత్తదనం స్ప్రింగుది. ఈ పిస్టల్ చేసినవాడు దానికి ఎంత స్ప్రింగు కావాలో అంతే వేశాడు. దానిని తీసి సీసాలో పడేసి, గట్టి తీగతో దాని ఛాతీ బిగించి కట్టినవాడు తను. లోపం ఊపుది కాదు. ఆ ఊపుకు అడ్డం నిలబడింది తన చేతి పని. ఇరవై రెండేళ్ళూ పద్నాలుగేళ్ళూ కలిపి, ఏ ఆయుధం ముఖమూ చూడకుండా చేతులు కడుక్కుంటూ వచ్చిన అలవాటు. క్రిస్ జాలిపడి మందు తగ్గించాడు. తను జాలి కూడా పడలేదు, అసలు చూడనే లేదు.

ఎవరికీ తెలియదు. కార్డులో లేదు. సీసా అలమరలో ఉంది.

బుధవారం పొద్దున టీ వేళకు కోరుట్లకు ఫోన్ చేశాడు. భార్య గౌరవ్వ బీడీలు చుడుతూ మాట్లాడుతుంది ఎప్పుడూ. ఆకు కత్తిరించే చప్పుడు ఫోన్లో వినపడుతుంది.

"ఇయ్యాల ఎవల్ని తిడ్తున్నవ్?" అంది.

"ఎవల్ని లేదు."

కత్తెర ఆగింది. "పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది."

"మేనేజర్‌ను గూడ తిడ్తలేవా?"

"లేదన్న కదనే."

"అయితె దవాఖానకు వో," అంది గౌరవ్వ. "నాకు భయమైతున్నది."

అతను ఫోన్ పెట్టేసి షెడ్డులోకి వెళ్ళాడు. క్రిస్ యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. పుస్తకం మూసి పక్కన పెట్టాడు. అది మంచి శకునం కాదు. తూకం మీద పళ్ళెంలోకి చెంచాతో బూడిదరంగు పలుకులు వేస్తున్నాడు, ముఖం అన్నం తిననివాడిలా ఉంది.

సదానందం ముందు దొంగదారి ప్రయత్నించాడు. "గంత పొయ్యకు. నిన్న పొద్దటి దానికన్న ఒక మెట్టు తక్కువ వెయ్యి."

"అది పనిచెయ్యలేదు కదండీ."

"చేస్తది. చెప్పింది చెయ్యి."

"ఎందుకు చేస్తుందండీ? మీరే కదా చాలట్లేదన్నారు? రెండ్రోజులు నన్ను ఇబూతి, పాలచుక్క అని ఏడిపించారు. ఇప్పుడు తగ్గించమంటున్నారు. ఏం మారిందో చెప్పండి, తగ్గిస్తాను. లేకపోతే సార్ చెప్పింది పోస్తాను, పేలితే అందరం కలిసి పోదాం."

కుర్రాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంతోనే. సదానందం అలమర దగ్గరికి పోయి హార్లిక్స్ సీసా తెచ్చి, బల్ల మీద బోర్లించాడు. సన్నటి పాత స్ప్రింగు దొర్లి, కిటికీ ఎండలో ఆగింది.

"ఇది దాని స్ప్రింగు. తీసింది నేను. అండ్ల ఉన్నది నాది, గట్టిది. అందుకే స్లైడు వస్తలేదు. నీ మందు సక్కగనే ఉన్నది."

క్రిస్ స్ప్రింగు వైపు చూశాడు. తర్వాత అతని వైపు. "ఎప్పుడు మార్చారు?"

"వచ్చిన్నాడే."

"చూడకుండానే?"

"చూడకుండనే."

క్రిస్ నవ్వలేదు. నవ్వి ఉంటే సదానందానికి సుఖంగా ఉండేది. అతను పళ్ళెంలోని మందును జాగ్రత్తగా డబ్బాలోకి తిరిగి వంపి, మూత పెట్టి, అప్పుడు అన్నాడు: "నన్ను విప్పనిచ్చి ఉంటే నిన్న పొద్దున్నే తెలిసేది కదండీ."

"తెలిసేది. అందుకే విప్పనియ్యలే అనుకో."

అది నిజం కాదు. అప్పటికి అతనికి తెలియదు. కానీ తెలియకపోవడం కన్నా దాచడమే కొంచెం గౌరవమనిపించి అలా అన్నాడు. ఆ వయసులో ఆ మాత్రం అబద్ధం.

పాత స్ప్రింగు కడిగి, నూనె రాసి, లోపల పెట్టాడు. ఒక మెట్టు తక్కువ మందుతో క్రిస్ ఏడు తూటాలు చేశాడు. సదానందం ఒక్కోదాన్ని విడిగా బ్యారెల్‌లో జారవిడిచి, టక్కుమని కూర్చుంటోందా లేదా చెవితో విన్నాడు. తర్వాత బయట, కొండ ఎదుట, పేల్చాడు. ఏడు శబ్దాలు. ఏడు ఖాళీ గొట్టాలు కుడివైపుకి, గింజలు విసిరినట్టు, ఒకే చోట ఇసుకలో పడ్డాయి. క్రిస్ ఏడుసార్లూ కళ్ళు మూసుకున్నాడు. మరో ఏడు. మరో ఏడు. ఒక్కటీ నిలబడలేదు. పిస్టల్ ఏ పెద్దరికమూ చూపించకుండా, తన పని తాను చేసుకుపోయింది.

"అంకుల్, నేను సార్‌తో చెప్పనండీ. మందు సెట్ చేశామని అందాం. కార్డు మామూలుగా రాసెయ్యండి."

"నువ్వు దాచిపెడ్తే రేపటి సంది నీ ముఖం చూసినప్పుడల్ల నాకు అది గుర్తస్తది. నాకేం కర్మ?"

సదానందం కార్డు తీసుకున్నాడు. సైన్యంలో నేర్చిన పెద్ద అక్షరాల ఇంగ్లీషులో, వంకర లేకుండా రాశాడు. లోపం: తప్పుడు స్ప్రింగు. వేసినవాడు: ఆర్మరర్ సదానందం. సవరణ: అసలు స్ప్రింగు తిరిగి వేయడమైనది. తూటాలు సరైనవి. పద్నాలుగేళ్ళలో స్ప్రింగు అనే మాట కార్డులోకి రావడం అదే మొదలు.

అమర్నాథ్ కార్డు రెండుసార్లు చదివాడు. అతనికి నిజంగా ఆశ్చర్యమేసింది. "మీరు రాయకపోతే ఎవరికి తెలిసేది సదానందం గారూ? నాకైతే తెలిసేది కాదు."

"నీకు తెల్వదు. పద్నాలుగేండ్ల సంది నా బాధ గదే కదా."

"అగ్రిమెంట్ ప్రకారం మరి… బెంచ్…"

"టీషర్ట్ ఏ సైజున్నది?" అన్నాడు సదానందం.

లార్జ్ లేదు. ఎక్స్‌ట్రా లార్జ్ ఇచ్చారు. గురువారం సాయంత్రం నాలుగింటికి, జనవరి దాకా ఆగడం ఎందుకని, అతను కౌంటర్ వెనక నిలబడ్డాడు. డేగ అతని పొట్ట దగ్గర ముడతలు పడి, తుపాకిని మింగుతున్నట్టు కనిపించింది. తెల్లటి పొడుగు అంగీలు, తోబులు, వేసుకున్న నలభైమంది బంధువులు వరసగా వచ్చారు. ప్రతి ఒక్కరికీ చెవి మఫ్లు ఇచ్చాడు. అహ్లన్ వ సహ్లన్ కూడా అన్నాడు, తన సొంత పద్ధతిలో. తాళం వేసిన తలుపును తోసినట్టు వినపడేది. ఒక ముసలాయన భయపడి రెండు జతలు తీసుకున్నాడు.

షేక్ మిషాల్ వచ్చి మఫ్లు అందుకున్నాడు. అతనికి కార్డు సంగతి ఎవరూ చెప్పలేదు. కౌంటర్‌లోని మనిషి మొన్నటి మనిషేనని కూడా గమనించలేదు. అద్దం అవతల, ఎండ వాలుతున్న ఇసుకలో, అందరి ముందూ నిలబడి ఖాళీ పిస్టల్ చేతిలోకి తీసుకున్నాడు. స్లైడు మీద అరచెయ్యి పెట్టాడు, మొన్నటిలాగే బలంగా లాగబోయాడు. అది సులువుగా వచ్చేసరికి తూలాడు. ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి తీసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, మళ్ళీ మెల్లగా లాగాడు.

వచ్చింది. తన రెండు వేళ్ళ వైపు చూసుకున్నాడు.

తర్వాత మ్యాగజైన్ పెట్టి, ఆ రెండు వేళ్ళతోనే మళ్ళీ లాగాడు; ఏడు శబ్దాలు వరసగా వచ్చాయి. ఏడు మెరుపులు కుడివైపు ఎగిరాయి. బంధువులు చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా అమర్నాథ్ కొట్టాడు. "ఎక్స్‌లెంట్ హ్యాండ్‌లోడింగ్!" అని అరిచి క్రిస్ భుజం తట్టాడు. క్రిస్ అద్దం లోంచి కౌంటర్ వైపు చూసి, చేతులు రెండూ విడదీసి, నేనేం చెయ్యను అన్నట్టు నిలబడ్డాడు.

సదానందం కౌంటర్ మీదికి వంగి, తిరిగొచ్చిన మొదటి జత మఫ్లు తీసుకుని చూశాడు. చెమట, అత్తరు, ఖర్జూరపు జిగురు. తుడవకుండా ఇచ్చారు.

"తూ," అన్నాడు, గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెడుతూ. "నలభైమందిల ఒక్కడు."

ఒక్కడూ లేడని అతని అర్థం.